కుమమోతోలో ఒక పంతులుగారి ఇల్లు



బడిపంతులుకు జీతమిచ్చువారు బడిలో గడపిన గంటలకే జీతమిత్తురు. బడి విడిచిన పిమ్మట ఆయన ఏమి తినుచున్నాడో, భార్యతో ఎట్లు మాటలాడుచున్నాడో, పనివానిని ఎట్లు చూచుచున్నాడో, దానికి జీతము లేదు. అయినను పిల్లలు పంతులుగారి పాఠమును మరచిపోవచ్చును గాని ఆయన ఇంటిని మరువరు. పల్లెలో ఇది మరింత నిజము. పంతులుగారి పొయ్యిమీద ఏమి ఉడుకుచున్నదో వీధి యంతటికి తెలియును.

ఈ మాట ఎంత నిజమో చూపుటకై ఈ నెల మిమ్మును జపాను దేశమునకు, నూట యేబది సంవత్సరముల వెనుకకు తీసికొనిపోవుదును. అక్కడ కుమమోతో అను పట్టణములో ఒక పరదేశపు పంతులు ఐదేండ్లు కాపురముండెను. క్రీస్తు నామమెత్తుటయే ప్రమాదమైన దినములలో ఆయన ఇల్లు ఏమి బోధించెనో వినుడి.

మొదట ఆ దేశస్థితి తెలియవలెను. జపానులో 1614వ సంవత్సరమున క్రైస్తవ మతము దేశమంతట నిషేధింపబడెను. అది మొదలు రెండున్నర శతాబ్దములకు పైగా ఆ మతము పనికిరాదని కొయ్యపలకలమీద వ్రాసి, జనులు నడచు త్రోవలలో నిలిపియుంచిరి. 1868లో క్రొత్త ప్రభుత్వము వచ్చినప్పుడు సయితము ఆ పలకలు పోలేదు. క్రొత్తవి వ్రాయించి నిలిపిరి. నాగసాకి దాపున ఉరకామి అను గ్రామములో తాతముత్తాతల నాటి విశ్వాసమును రహస్యముగా కాపాడుకొనుచు వచ్చిన మూడు వేలకు పైగా జనులను, ఇండ్లు వాకిండ్లు విడిపించి, దూర సంస్థానములకు చెదరగొట్టిరి. వారిలో అనేకులు చెరలోనే చనిపోయిరి. 1873 ఫిబ్రవరిలో గాని ఆ పలకలు క్రిందికి దిగలేదు.

అయితే ఆ దేశమునకే పరదేశపు చదువు కావలసివచ్చెను. పాశ్చాత్యుల ఆవిరియోడలను, ఫిరంగులను చూచినవారికి తమ పాత చదువుతో ఇక సాగదని తెలిసెను. అందుచేత సంస్థానాధిపతులు తామే జీతములిచ్చి పరదేశపు పంతుళ్లను పిలిపించుకొనిరి. ఆ కాలమున పరదేశీయులు కొన్ని రేవుపట్టణములలోనే నివసింపవలెను. అచ్చటనుండి సుమారు 40 కిలోమీటర్లు దాటి పోవుటకు సెలవు లేదు. మిషనెరీకి తెరవని లోపలి దేశము జీతమునకు వచ్చిన పంతులుకు తెరచుకొనెను.

ఇట్టి పంతుళ్లను వెదకి రప్పించినవారిలో గ్వీడో వెర్బెక్ ముఖ్యుడు. ఆయన హాలండులో పుట్టి, అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘమువారిచేత పంపబడిన మిషనెరీ. 1859లో నాగసాకి చేరెను. వీధిలో బోధింపరాదు గనుక ఆయన ఇంగ్లీషు పాఠములు చెప్పుకొనుచు కనిపెట్టుకొని యుండెను. ఆయనయొద్ద చదివినవారు కొందరు తరువాత గొప్ప మంత్రులైరి. కాబట్టి పంతులు కావలసిన ప్రతి సంస్థానమువారును ఆయననే అడుగుచుండిరి.

ఈ పంతుళ్ల దినచర్య ఎట్టిదో తెలియుటకు ముందు ఫుకుయి పట్టణమునకు వచ్చిన గ్రిఫిస్ అను యువకుని చూతము. ఏలయనగా తాను చూచినదంతయు ఆయన వ్రాసిపెట్టెను. ఆయనకు 27 ఏండ్లు. 1871 మార్చిలో మంచు త్రోవలు దాటి అక్కడికి చేరెను. ఆయన తనతో ఒక చిన్న బంగారు తాళపుచెవి తెచ్చెను. ఫుకుయినుండి అమెరికాకు పోయి చదివిన కుసకాబే తారో అను విద్యార్థి పట్టము పుచ్చుకొనకమునుపే 1870లో క్షయవ్యాధితో చనిపోయెను. చదువులో శ్రేష్ఠులకిచ్చు ఆ బంగారు గుర్తును కళాశాలవారు అతని పేరట ఇయ్యగా, గ్రిఫిస్ దానిని ఆ తండ్రి చేతిలో పెట్టెను. రసాయన శాస్త్రము చెప్పుటకు వచ్చినవాడు ఇట్లు దుఃఖించువాని ఇంటికి పరామర్శకు పోయినవాడాయెను.

ఫుకుయిలో ఆయనకు ఒక పెద్ద పాత భవనమునిచ్చిరి. గదులు అనేకము, మనిషి ఒక్కడు. పరదేశీయుని చంపుట పుణ్యమని తలచు కత్తివీరులు ఇంకను ఉండిరి గనుక ఆయనకు కావలివారినిచ్చిరి. విద్యార్థులు నడుమున రెండేసి కత్తులతో బడికి వచ్చి, వాటిని తీసి పక్కన పెట్టి పాఠమునకు కూర్చుండుచుండిరి. తోటి అమెరికనుడొకడు లేని ఆ ఊరిలో ఉత్తరములే ఆయనకు తోడు. మార్గరెట్ అను తన అక్కకు ఉత్తరములు వ్రాయుచుండెను. ఆదివారము ఆ దేశమువారికి విశ్రాంతి దినము కాదు. నెలలో ఒకటి, ఆరు అంకెలతో ముగియు తేదీలలో కచేరీలు మూసెడివారు. 1876 ఏప్రిల్ నుండి గాని సర్కారువారు ఆదివారమును సెలవుగా ఎంచలేదు. 1872 చివరివరకు వారి పంచాంగము కూడ వేరే. అట్టి చోట పరదేశి తన ఆదివారమును తానే లెక్కపెట్టుకొనవలెను. గుడి గంట లేని ఊరిలో దినములు మరువకుండుట ఎంత కష్టమో ఆలోచించుడి.

ఇప్పుడు కుమమోతోకు వత్తము. ఇది దక్షిణమున క్యూషు ద్వీపములో ఉన్నది. ఆ ఊరి పండితుడు యొకోయి షోనన్ క్రొత్త విద్యలు రావలెనని కోరినవాడు. తన అన్న కుమారులిద్దరిని 1866లో అమెరికాకు పంపెను. 1869లో క్యోటో వీధిలో కత్తివీరులు ఆయనను నరికి చంపిరి. క్రైస్తవ మతమును దేశములోనికి తెచ్చుచున్నాడనునది వారు మోపిన నేరములలో ఒకటి. నిజమునకు ఆయన క్రైస్తవుడు కాడు. ఆ కుమారులలో చిన్నవాడు రోగియై తిరిగివచ్చి, తన ఊరిలో పాశ్చాత్య విద్యాలయము పెట్టవలెనని పాటుపడి, 1871లో చనిపోయెను. ఆ విద్యాలయము అదే సంవత్సరము తెరువబడెను.

దానికి వెర్బెక్ ద్వారా పిలువబడి వచ్చినవాడు కెప్టెన్ లెరాయ్ లాన్సింగ్ జేన్స్. ఓహాయో రాష్ట్రమున 1837లో పుట్టి, వెస్ట్ పాయింటు సైనిక విద్యాలయములో చదివి, అమెరికా అంతర్యుద్ధములో సైన్యములో పనిచేసి, తరువాత వ్యవసాయము చేసినవాడు. కుమమోతోవారు సైనికుడైన పంతులు కావలెనని కోరిరి. తమ కుమారులు మంచి సైనికులగుదురని వారి ఆశ.

ఆయన భార్య హారియట్‌ను గూర్చి మన సంఘములవారు తప్పక తెలిసికొనవలెను. ఆమె హెన్రీ మార్టిన్ స్కడ్డర్ అయ్యగారి కుమార్తె. ఆయన తన సహోదరులతో కూడ 1853లో ఆర్కాటు మిషనును స్థాపించినవాడు. మన మదనపల్లె ప్రాంతమున పనిచేసినది ఆ మిషనే. వెల్లూరు ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడ్డరమ్మగారు హారియట్ పినతండ్రి కుమార్తె. మన జబ్బులు బాగుచేయించుకొనుటకు రైలెక్కి వెల్లూరు పోవు మనకు ఆ ఇంటిపేరు క్రొత్తది కాదు. ఆ ఇంటి ఆడపడుచే కుమమోతోలో పొయ్యి వెలిగించెను.

జేన్స్ దొర కొరకు సంస్థానమువారు రెండంతస్తుల ఇల్లు కట్టించిరి. అది తెల్లదొరల రీతిని, చుట్టు వసారాలతో కట్టబడెను. ఆ పట్టణమున అట్టి ఇల్లు అదే మొదటిది. అందులో దంపతులు బిడ్డలతో కాపురముండిరి. ఊరివారు ప్రతిదియు వింతగా చూచిరి. ఆవుపాలు త్రాగు వాడుక ఆ దేశపు సామాన్యులకు లేదు. నాలుగు కాళ్ల జంతువుల మాంసము తినుట అపవిత్రమని అనేకులు ఎంచిరి. చక్రవర్తి తానే గోమాంసము తినెనని ప్రకటించినది 1872లో. రొట్టె వారికి తెలియని ఆహారము. దొర పాలు, రొట్టె, మాంసము తన బల్లమీద పెట్టి, విద్యార్థులకును వాటిని అలవాటు చేయించెను. క్యాబేజీ మొదలైన క్రొత్త కూరగాయలు పండించి చూపెను. సేద్యమును, ఉత్పత్తిని గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. సైనికులను తయారుచేయుటకు పిలిచినవారికి, దేశమునకు ముందు కావలసినది నిండిన గాదె అని చెప్పెను. కత్తి పట్టు కులమువారి బిడ్డలకు నాగలి గౌరవమైనదని తెల్లదొర చెప్పగా వినుట ఎంత వింతయో!

బడిలో ఆయన పద్ధతి కఠినము. దుబాసి లేడు. లెక్కలు, రేఖాగణితము, భూగోళము, చరిత్ర, ప్రకృతి శాస్త్రము అన్నియు ఒక్కడే ఇంగ్లీషులో చెప్పెను. అన్నిటికి తాను చాలడు గనుక, పై తరగతి పిల్లలచేత క్రింది తరగతులకు పాఠములు చెప్పించెను. నేర్చుకొన్నది మరియొకరికి నేర్పినప్పుడే మనదగునని ఆ పిల్లలు గ్రహించిరి.

మొదటి మూడేండ్లు ఆయన క్రైస్తవ మతమును గూర్చి ఏమియు బోధింపలేదు. ఆ కాలమంతయు వ్యర్థమని మీరనుకొందురా? ఆ మూడేండ్లు విద్యార్థులు ఆయనను చూచుచుండిరి. భర్త భార్యను సమానురాలిగా గౌరవించుట, బిడ్డలను దగ్గరకు తీయుట, సైనికుడైనను చేతులతో మట్టి త్రవ్వుట, చెప్పిన వేళకు చెప్పిన పని చేయుట, ఇవన్నియు వారు చదివిన పుస్తకము. దానిని నిషేధించు పలక ఏదియు లేదు.

పలకలు దిగిన తరువాత, ఇష్టమున్నవారు తన ఇంటికి వచ్చినయెడల బైబిలు చదువుదమని దొర చెప్పెను. ఎవరిని బలవంతపెట్టలేదు. ఇంగ్లీషు బాగుపడునని కొందరు వచ్చిరి; ఆ మతమును ఖండించుటకు దానిని తెలిసికొనవలెనని కొందరు వచ్చిరి. బడి గదిలో ఇది జరిగియుండినయెడల వారు దానిని ఒక పాఠముగా విని, పరీక్ష అయిన పిమ్మట మరచియుందురేమో. ఇది జరిగినది తాము మూడేండ్లు కనిపెట్టి చూచిన ఇంటిలో. పుస్తకములోని మాటకును ఆ ఇంటి బ్రతుకునకును పొత్తు కుదిరెను.

ఇంకొక తలుపు కూడ తెరచుకొనెను. తొకుతోమి హత్సుకో, యొకోయి మియాకో అను ఇద్దరు బాలికలు మగపిల్లలతో కూడ చదువుటకు వచ్చిరి. మియాకో చంపబడిన షోనన్ కుమార్తె. ఆడపిల్లలు పక్కన కూర్చుండుట కొందరు విద్యార్థులకు రుచింపలేదు. అయినను దొర వారిని పంపివేయలేదు. మియాకో తరువాత ఆ విద్యార్థులలో ఒకడైన ఎబినా దాంజోకు భార్యయై, పాదిరిగారి ఇల్లు నడిపెను.

1876 జనవరి 30, ఆదివారము. ముప్పదియైదుగురు విద్యార్థులు ఊరి వెలుపలనున్న హనఓక కొండ ఎక్కిరి. తాము కనుగొనిన వెలుగును దేశమునకు చాటుదుమని వ్రాసిన పత్రముమీద చేవ్రాళ్లు చేసిరి. వారిలో తొకుతోమి సోహో అనువానికి పదమూడేండ్లు కూడ నిండలేదు.

చేవ్రాలు తేలిక, ఇంటికి పోవుట కష్టము. వార్త ఊరిలో ప్రాకగానే గగ్గోలు పుట్టెను. పిల్లలను బడి మాన్పించిరి. బైబిళ్లను కాల్చిరి. కనమోరి అను యువకుని అతని వారు ఇంటిలో బంధించిరి. షోనన్ కుమారుడైన యొకోయి తోకియోతో అతని తల్లి, నీవు ఈ మతము విడువనియెడల నేను ప్రాణము తీసికొందునని చెప్పెను. ఆ తల్లిని మనము తేలికగా నిందింపరాదు. ఏ మతమును తెచ్చుచున్నాడన్న నిందతో భర్తను నరికి చంపిరో, అదే మతమును కొడుకు కోరుకొనెను. ఆమె భయమునకు కారణము లేకపోలేదు. ఇచ్చట కూడ ఇట్టి తల్లులు, ఇట్టి కొడుకులు ఉన్నారు. బాప్తిస్మమునకు ముందు రాత్రి వారి ఇండ్లలో దీపము ఆరదు.

ఆ సంవత్సరమే దొర కొలువు ముగిసెను, బడి మూతపడెను. ఆయన వెడలిపోయిన కొద్ది దినములకు, అక్టోబరు 24 రాత్రి, పరదేశపు రీతులను అసహ్యించుకొనిన కత్తివీరులు పట్టణముమీద పడి ప్రాంతపు గవర్నరును, సేనాధిపతిని చంపిరి. మరుసటి సంవత్సరము పెద్ద తిరుగుబాటు లేచి, కుమమోతో పట్టణములో చాల భాగము కాలిపోయెను.

బడి పోయినను పిల్లలు చెదరిపోలేదు. దొర క్యోటోలోని మిషనెరీలకు ఉత్తరములు వ్రాసియుండెను. అక్కడ నీజిమా జో అను జపానీయ క్రైస్తవుడు 1875లో దోషిష అను విద్యాలయము పెట్టియుండెను. కుమమోతో పిల్లలలో అనేకులు అక్కడికి చేరిరి. 1879లో దోషిషనుండి మొట్టమొదట పట్టము పొందిన పదునైదుగురును వీరే. కోజాకి హిరోమిచి, యొకోయి తోకియో, ఎబినా దాంజో తరువాత ఒక్కొక్కరుగా ఆ విద్యాలయమునకు అధ్యక్షులైరి. సోహో పత్రికాధిపతిగా దేశమంతట పేరొందెను. అందరును ఒకే తీరున నిలిచిరని చెప్పను. కనమోరి నడుమ సంఘమును విడిచిపోయి, చాల ఏండ్లకు తిరిగివచ్చి, వృద్ధాప్యములో ఊరూర సువార్త చెప్పెను.

దొర విషయమును దాచరాదు. స్వదేశమునకు పోయిన తరువాత ఆయన కాపురము చెడిపోయి, భార్యాభర్తలు విడిపోయిరి. మిషనెరీలతోను సంఘముతోను ఆయనకు వైరము కలిగెను. 1893లో మరల జపానునకు వచ్చి సర్కారు బడులలో పాఠములు చెప్పి, 1899లో తిరిగిపోయి, 1909లో కాలిఫోర్నియాలో చనిపోయెను. కుమమోతోలో అంత చక్కగా వెలిగిన ఇల్లు అమెరికాలో ఆరిపోయెను. ఇది విన్నప్పుడు మన మనస్సు కలుక్కుమనును. కాని ఇందులో రెండు సంగతులు నేర్చుకొందము. మొదటిది, మంటి కుండలో ధనము పెట్టుట దేవునికి అలవాటు. కుండ పగిలినందున ధనము మన్ను కాలేదు. రెండవది, ఒకప్పుడు మన ఇల్లు ఇతరులకు వెలుగైనదను ధీమాతో కూర్చుండరాదు. ఏ దినపు నూనె ఆ దినమే పోయవలెను.

ఆ కట్టెల ఇల్లు మాత్రము వింతగా నిలిచెను. 1877 యుద్ధములో సైన్యాధిపతియైన రాజకుమారుడు అరిసుగావా అందులో బసచేసెను. గాయపడినవారికి పక్షపాతము లేక శుశ్రూష చేయు సంఘమును స్థాపించుటకు సానో త్సునెతామి ఆయనయొద్ద సెలవు పొందెను. ఆ సంఘమే తరువాత జపాను రెడ్‌క్రాసు సంఘమాయెను. 2016 ఏప్రిల్ భూకంపములో ఆ ఇల్లు కూలిపోగా, పట్టణమువారు దానిని మరల నిలిపి 2023లో తెరచిరి. ఒక పరదేశి ఐదేండ్ల కాపురమునకు ఒక పట్టణము ఇంత విలువ కట్టినది.

చదువరులారా, మన పల్లెలకు కూడ పంతుళ్లు, పంతులమ్మలు బయటినుండి వచ్చుచున్నారు. పక్క జిల్లానుండి వచ్చినవారైనను మనకు మొదట పరదేశులే. వారి మాట యాస వేరు, కూర రుచి వేరు. మీరే అట్టి పంతులైనయెడల, ఊరివారు మీ పాఠముకంటె మీ వాకిలినే ఎక్కువగా చదువుచున్నారని జ్ఞాపకముంచుకొనుడి. నోరు తెరచుటకు వీలులేని కాలము వచ్చినప్పుడు నిరాశపడకుడి. మూడేండ్లు మాటలాడని ఇల్లు కూడ బోధించును. తలుపు తెరచు సమయము వచ్చినప్పుడు ఎవరిని ఈడ్వవద్దు. ఇష్టమున్నవారిని కూర్చుండబెట్టి దీపము దగ్గరకు జరుపుడి.

మీ ఊరికి అట్టివారు వచ్చినయెడల, సంఘస్థులారా, వారి ఒంటరితనమును కనిపెట్టుడి. పండుగ దినమున ఒక గిన్నెడు కూర పంపుడి. ఉత్తరమునకై ఎదురుచూచువానితో ఒక పూట కూర్చుండుడి. ఆదివారమును ఒంటరిగా లెక్కపెట్టుకొనువాడు మన మధ్య ఎవడును ఉండకూడదు.